ఆపరేటింగ్ సిస్టమ్‌ను కళ్లారా చూసి నేర్చుకోవడం: కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చాలామంది విద్యార్థులకు నిర్వచనాల మూటగానే పరిచయమవుతుంది. ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్ అనీ, డెడ్‌లాక్‌కు నాలుగు షరతులనీ, పేజింగ్ అంటే మెమరీని సమాన భాగాలుగా విడగొట్టడమనీ పరీక్ష ముందురోజు రాత్రి బట్టీపట్టి, ల్యాబ్ రికార్డులో సీనియర్ల అవుట్‌పుట్‌ను ఎక్కించి సెమిస్టర్ గట్టెక్కేవారే ఎక్కువ. ఆ తరవాత గేట్ పరీక్షలోనో, ఉద్యోగపు ఇంటర్వ్యూలోనో ప్రశ్న కాస్త మెలిక తిరిగితే ఆ నిర్వచనాలేవీ అక్కరకు రావు. ఈ సబ్జెక్టులోని దాదాపు ప్రతి భావనా మన ముందున్న యంత్రంలో ఈ క్షణాన జరుగుతున్న పనే. దాని జాడను కంటితో చూడవచ్చు, కాగితం మీద లెక్కకట్టవచ్చు. అందుకే ఇక్కడ ముందు చూడటం, తరవాత లెక్క, ఆ పైనే నిర్వచనం అన్న క్రమం పాటించాను.

మొదటి మెట్టు: యంత్రాన్ని సిద్ధం చేసుకోవడం

లినక్స్ ఉన్న కంప్యూటర్ ఒకటి కావాలి. ఉబుంటు కావచ్చు, ఫెడోరా కావచ్చు, సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కావచ్చు. ఈ పనికి తేడా లేదు. విండోస్ 10 లేదా 11 ఉన్నవారు డబ్ల్యూఎస్ఎల్ ద్వారా ఉబుంటును అందులోనే నడుపుకోవచ్చు. మ్యాక్ కూడా యూనిక్స్ కుటుంబానిదే అయినా, మనం ఎక్కువగా వాడబోయే నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలను ఫైళ్లుగా చూపే ప్రాక్ డైరెక్టరీ, ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏమేమి అడుగుతోందో చూపే స్ట్రేస్ అనే పనిముట్టు అందులో ఉండవు. సీ కంపైలర్ జీసీసీని, స్ట్రేస్‌ను ఇన్‌స్టాల్ చేసుకుంటే సరంజామా పూర్తయినట్లే.

లినక్స్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌ను 1973లో సీ భాషలో తిరగరాశారు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ ఆ నమూనాలోనే లినక్స్ కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కేంద్ర భాగాన్ని, రాశాడు. పాఠ్యపుస్తకాలలో కనిపించే ఫోర్క్, ఎగ్జిక్, పైప్, ఐనోడ్ వంటి మాటలన్నీ ఆ పరంపరవే కనుక, పుస్తకంలో చదివినది ఈ యంత్రంలో అదే పేరుతో ఎదురవుతుంది.

రెండవ మెట్టు: కెర్నల్ గడప ఎక్కడుందో చూడటం

ప్రాసెసర్ రెండు స్థాయిలలో పనిచేస్తుంది. మనం రాసే ప్రోగ్రామ్ యూజర్ మోడ్‌లో నడుస్తుంది. అది డిస్కును నేరుగా తాకలేదు, ఇతర ప్రోగ్రామ్‌ల మెమరీని చదవలేదు. ఆ అధికారం కెర్నల్ మోడ్‌లో నడిచే కోడ్‌కే ఉంటుంది. ప్రోగ్రామ్‌కు ఫైలు కావాలన్నా, తెరమీద అక్షరం పడాలన్నా కెర్నల్‌ను అడగాలి. ఆ అడిగే పద్ధతే సిస్టమ్ కాల్.

దీన్ని చూడటానికి టెర్మినల్‌లో స్ట్రేస్ అని, పక్కన ఎల్ఎస్ అని టైప్ చేయండి. ఫైళ్ల జాబితా ఇచ్చే ఆ చిన్న కమాండ్ కెర్నల్‌ను ఎన్నిసార్లు పలకరిస్తుందో వరుసగా కనిపిస్తుంది. మొదట ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఎగ్జిక్‌వీఈ, తరవాత లైబ్రరీలను తెరిచే ఓపెన్‌ఎట్ కాల్స్, డైరెక్టరీలోని పేర్లను తెచ్చే గెట్‌డెంట్స్, చివర్లో ఫలితాన్ని తెరమీద రాసే రైట్. మొదటిసారి ఈ వరుసను చూసినవారు బెదిరిపోతారు. అందులో సగానికి పైగా ప్రోగ్రామ్ మొదలయ్యేందుకు జరిగే ఏర్పాట్లేనని తెలిస్తే భయం పోతుంది. సీ ఆప్షన్ చేర్చి నడిపితే ఏ కాల్ ఎన్నిసార్లు జరిగిందో పట్టికగా వస్తుంది.

ప్రింట్ఎఫ్ సిస్టమ్ కాల్ కాదని ఇక్కడే గుర్తించాలి. అది సీ లైబ్రరీలోని ఫంక్షన్. అక్షరాలను ముందు ప్రోగ్రామ్ సొంత మెమరీలోని బఫర్‌లో పోగుచేసి, తగిన సమయంలో రైట్ అనే సిస్టమ్ కాల్‌తో కెర్నల్‌కు అప్పగిస్తుంది. ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది గాని, తరవాతి మెట్టులో అదే చిక్కుముడి అవుతుంది.

మూడవ మెట్టు: ప్రాసెస్ పుట్టుక, మరణం

ఫోర్క్ అనే సిస్టమ్ కాల్ నడుస్తున్న ప్రాసెస్‌కు నకలు తీస్తుంది. ఒకసారి పిలిస్తే రెండుసార్లు తిరిగి వచ్చే వింత కాల్ అది: తల్లి ప్రాసెస్‌లో బిడ్డ సంఖ్యను, బిడ్డ ప్రాసెస్‌లో 0ను ఇస్తుంది. ఫోర్క్‌ను వరుసగా మూడుసార్లు పిలిస్తే మొత్తం ఎన్ని ప్రాసెస్‌లుంటాయన్నది పరీక్షలలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న. ప్రతి పిలుపూ అప్పటికి ఉన్నవాటిని రెట్టింపు చేస్తుంది కనుక మొత్తం 8, వాటిలో కొత్తగా పుట్టినవి 7. మొత్తం అడిగారా, కొత్తవి అడిగారా అన్నది చూసుకోకుండా మార్కులు పోగొట్టుకునేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

ఇప్పుడు ఈ ప్రయోగం చేయండి. ఒక ప్రోగ్రామ్‌లో ప్రింట్ఎఫ్‌తో ఒక మాటను, చివర కొత్త వరుస గుర్తు పెట్టకుండా ముద్రించి, ఆ వెంటనే ఫోర్క్ పిలవండి. ముద్రణ ఫోర్క్‌కు ముందే ఉన్నా ఆ మాట తెరమీద రెండుసార్లు కనిపిస్తుంది. ఎందుకంటే ఫోర్క్ జరిగే సమయానికి ఆ మాట ఇంకా బఫర్‌లోనే ఉంది. ఫోర్క్ మెమరీ మొత్తానికి నకలు తీసినప్పుడు బఫర్‌కు కూడా నకలు వచ్చింది. రెండు ప్రాసెస్‌లూ ముగిసేటప్పుడు తమ తమ బఫర్‌లను ఖాళీ చేశాయి. చివర కొత్త వరుస గుర్తు చేర్చి నడిపితే ఒక్కసారే వస్తుంది, ఎందుకంటే టెర్మినల్‌కు రాసేటప్పుడు వరుస ముగియగానే బఫర్ ఖాళీ అవుతుంది. అయితే అదే ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించి చూడండి: మళ్లీ రెండు! ఫైలుకు రాసేటప్పుడు బఫర్ నిండేదాకా లైబ్రరీ ఆగుతుంది. సిస్టమ్ కాల్, యూజర్ మెమరీ, ప్రాసెస్ నకలు అనే మూడు భావనలు ఈ ఐదు వరుసల ప్రోగ్రామ్‌లో ఒకచోట కలుస్తాయి. ఇది అర్థమయ్యేదాకా ముందుకు వెళ్లవద్దని నా సలహా.

మరణం సంగతి. బిడ్డ వెంటనే ముగిసేలా, తల్లి మాత్రం 60 సెకన్లు నిద్రపోయేలా ప్రోగ్రామ్ రాసి, ఆ సమయంలో మరో టెర్మినల్‌లో ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్‌ను ఏయూఎక్స్ ఆప్షన్లతో నడపండి. స్థితి చూపే గడిలో బిడ్డకు ఎదురుగా జెడ్ అక్షరం కనిపిస్తుంది. అదే జాంబీ. అది మెమరీనీ ప్రాసెసర్‌నూ వాడదు. ఎలా ముగిసిందన్న సమాచారాన్ని తల్లి వెయిట్ కాల్‌తో అడిగి తీసుకునేదాకా ప్రాసెస్ పట్టికలో ఒక గడిని మాత్రం పట్టుకుని ఉంటుంది. దానికి 9వ నంబరు కిల్ సిగ్నల్ పంపినా ఫలితం ఉండదు, చచ్చినదాన్ని చంపలేం కదా. ఆ గడిలోని మిగతా అక్షరాలనూ అప్పుడే పరిచయం చేసుకోండి: నడుస్తున్నది లేదా నడవడానికి సిద్ధంగా ఉన్నది ఆర్, దేనికోసమో నిద్రలో ఉన్నది ఎస్, ఎక్కువగా డిస్కు పని కోసం, కదిలించరాని నిద్రలో ఉన్నది డీ, ఆపివేయబడినది టీ. పుస్తకంలోని స్థితుల చిత్రానికి సజీవ రూపం ఇదే.

నాలుగవ మెట్టు: షెడ్యూలింగ్‌ను చేత్తో లెక్కించడం

సిద్ధంగా ఉన్న ప్రాసెస్‌లు చాలా, వాటిని నడిపే ప్రాసెసర్ కోర్‌లు కొన్నే. ఎవరి వంతు ఎప్పుడన్నది షెడ్యూలర్ నిర్ణయిస్తుంది. ఇక్కడ మాటలకన్నా లెక్క ఎక్కువ చెబుతుంది. 0వ క్షణంలో ఏ, బీ, సీ అనే మూడు ప్రాసెస్‌లు ఆ వరుసలో వచ్చాయనుకుందాం. వాటికి వరుసగా 12, 4, 2 మిల్లీసెకన్ల ప్రాసెసర్ సమయం కావాలి.

ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో నిరీక్షణ సమయాలు 0, 12, 16, సగటు 9.33. రెండు మిల్లీసెకన్ల పనికోసం సీ పదహారు మిల్లీసెకన్లు ఆగింది. చిన్న పనికి ముందు అన్న పద్ధతిలో సీ 0, బీ 2, ఏ 6, సగటు 2.67. సగటు నిరీక్షణలో దీన్ని మించినది లేదు, కాని ఏ పని ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియాలి. అది నిజజీవితంలో తెలియదు కనుక గతాన్ని బట్టి అంచనా వేయవలసి ఉంటుంది.

ఇక వంతులవారీ పద్ధతి, అంటే రౌండ్ రాబిన్. ఒక్కో వంతుకు ఇచ్చే సమయాన్ని క్వాంటం అంటారు. క్వాంటం 1 మిల్లీసెకను అయితే సీ 6వ క్షణంలో, బీ 10లో, ఏ 18లో ముగుస్తాయి, నిరీక్షణలు 4, 6, 6, సగటు 5.33. క్వాంటం 2 చేసి మళ్లీ గీయండి: సరిగ్గా అవే ముగింపులు, అదే సగటు. తేడా మరోచోట ఉంది. మొదటి సందర్భంలో ప్రాసెసర్ ఒక ప్రాసెస్ నుంచి మరోదానికి 10 సార్లు మారింది, రెండవ సందర్భంలో 5 సార్లే. ప్రతి మార్పుకూ ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లను దాచడం, మళ్లీ నింపడం, ఇటీవల వాడిన సమాచారాన్ని దగ్గర ఉంచే క్యాషెలు చల్లబడటం అనే ఖర్చు ఉంటుంది. పరీక్షల లెక్కలు చాలావరకు దాన్ని సున్నాగా తీసుకుంటాయి. క్వాంటం 1కి ఉన్న లాభం మొదటి స్పందనలో కనిపిస్తుంది: మూడూ 0, 1, 2 క్షణాలలోనే ఒకసారి ప్రాసెసర్‌ను అందుకుంటాయి, క్వాంటం 2లో 0, 2, 4. కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి ఈ స్పందనే ముఖ్యం, రాత్రంతా నడిచే లెక్కల ప్రోగ్రామ్‌కు అది అవసరమే లేదు. ఏ షెడ్యూలింగ్ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు ఎవరికి అన్న ఎదురు ప్రశ్నే సరైన మొదలు.

లినక్స్ తన సాధారణ పనులకు 2007 నుంచి సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్‌ను, 2023లో వచ్చిన 6.6 కెర్నల్ నుంచి దాని స్థానంలో ఈఈవీడీఎఫ్ అనేదాన్ని వాడుతోంది. ప్రతి ప్రాసెస్‌కూ నైస్ విలువను (ఇది పెరిగేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతుంది) బట్టి ఒక బరువు ఉంటుంది: నైస్ 0కి 1024, నైస్ 5కి 335. ఆ రెండూ ఒకే కోర్ కోసం పోటీపడితే మొదటిదానికి 1024ను 1359తో భాగిస్తే వచ్చే వాటా, అంటే సుమారు 75 శాతం దక్కాలి. అనంతంగా తిరిగే ప్రోగ్రామ్‌ను ఏకకాలంలో ఒకటి నైస్ 0తో, మరొకటి నైస్ 5తో నడిపి, ప్రాసెసర్ వాడకాన్ని చూపే టాప్ కమాండ్‌లో దీన్ని చూడవచ్చు. కాని రెండు జాగ్రత్తలు తీసుకోకపోతే రెండింటికీ సమాన వాటా కనిపించి, పుస్తకం తప్పేమోనన్న అనుమానం కలుగుతుంది. ఒకటి, టాస్క్‌సెట్ కమాండ్‌తో రెండింటినీ ఒకే కోర్‌కు కట్టేయాలి, లేకుంటే చెరో కోర్‌ను చెరొకటి పూర్తిగా తీసుకుంటుంది. రెండు, రెండింటినీ ఒకే టెర్మినల్ నుంచి నడపాలి. చాలా డెస్క్‌టాప్ లినక్స్‌లలో ఆటోగ్రూప్ అనే ఏర్పాటు ఒక్కో టెర్మినల్‌ను ఒక్కో గుంపుగా చూసి ముందు గుంపుల మధ్య సమయాన్ని పంచుతుంది.

ఐదవ మెట్టు: థ్రెడ్‌లు, తాళాలు

ఒకే ప్రాసెస్‌లో సమాంతరంగా నడిచే పనులైన థ్రెడ్‌లు మెమరీని పంచుకుంటాయి. సౌకర్యమూ, ప్రమాదమూ రెండూ అక్కడివే. ఒక గ్లోబల్ కౌంటర్‌ను రెండు థ్రెడ్‌లు చెరి పదిలక్షల సార్లు ఒకటి చొప్పున పెంచేలా ప్రోగ్రామ్ రాయండి. ఇరవై లక్షలు రావలసిన చోట తక్కువ వస్తుంది, పైగా నడిపిన ప్రతిసారీ సంఖ్య మారుతుంది. ఒకటి పెంచడం అనేది యంత్రానికి మూడు పనులు: మెమరీ నుంచి చదవడం, కూడటం, తిరిగి రాయడం. ఇద్దరూ ఒకే పాత విలువను చదివితే ఒకరి పెంపు గాలికి పోతుంది. ఈ ప్రయోగంలో కంపైలర్ ఆప్టిమైజేషన్‌ను ఆపి ఉంచండి. లేకపోతే అది లూప్ మొత్తాన్ని ఒకే కూడికగా మార్చి తప్పును దాచేయవచ్చు. దాగిన తప్పు పోయినట్లు కాదు.

దీనికి మందు, ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి అనుమతించే మ్యూటెక్స్ తాళం. తాళం పెట్టి మళ్లీ నడిపితే లెక్క సరిపోతుంది, సమయం పెరుగుతుంది. ఆ రెండింటినీ కొలిచి రాసుకోండి. ఒకరినే కాకుండా పరిమిత సంఖ్యలో లోపలికి అనుమతించవలసినప్పుడు వాడే సెమాఫోర్‌ను 1960వ దశకంలో డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా రూపొందించాడు.

తాళాలు రెండైతే కొత్త చిక్కు మొదలవుతుంది. ఒక థ్రెడ్ మొదటి తాళం తీసుకుని రెండవదానికోసం, మరొకటి రెండవది తీసుకుని మొదటిదానికోసం ఎదురుచూస్తే ఎవరూ కదలరు. డెడ్‌లాక్‌కు కావలసిన నాలుగు షరతులను 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషాని ప్రకటించారు: వనరు ఒకరికే చెందడం, ఒకటి పట్టుకుని ఇంకొకటి అడగడం, బలవంతంగా లాక్కోలేకపోవడం, ఎదురుచూపులు వలయంగా ఏర్పడటం. ఇవి నాలుగూ ఒకేసారి ఉంటేనే డెడ్‌లాక్ కనుక ఒక్కదాన్ని విరిచినా చాలు. ఆచరణలో తేలికగా విరిచేది నాలుగవది: ప్రోగ్రామ్ అంతటా తాళాలను ఒకే వరుసలో తీసుకోవాలన్న నియమం పెట్టుకుంటే వలయం ఏర్పడదు. వనరు ఇచ్చేముందు డెడ్‌లాక్ ముప్పు ఉందేమో చూసే బ్యాంకర్స్ అల్గారిథమ్ లెక్కలు పరీక్షకు తప్పనిసరి, కాని ప్రతి ప్రాసెస్ తన గరిష్ఠ అవసరాన్ని ముందే చెప్పాలన్న షరతు వల్ల సాధారణ వాడుకలోని ఆపరేటింగ్ సిస్టమ్‌లు దాన్ని వాడవు.

డెడ్‌లాక్‌ను కావాలని సృష్టించి, టాప్‌లో చూడండి. ప్రోగ్రామ్ కదలకపోయినా ప్రాసెసర్ వాడకం సున్నా, స్థితి ఎస్. అనంతమైన లూప్‌లో చిక్కిన ప్రోగ్రామ్ అయితే స్థితి ఆర్, వాడకం దాదాపు 100 శాతం. హ్యాంగ్ అయిందని అందరూ ఒకే మాట అనే రెండు వేర్వేరు జబ్బులను ఈ ఒక్క చూపు విడదీస్తుంది.

తాళాలకు, ప్రాధాన్యాలకు మధ్య పుట్టే మరో సమస్య అంగారక గ్రహం మీదే బయటపడింది. 1997లో దిగిన పాత్‌ఫైండర్ నౌక కంప్యూటర్ పదేపదే రీసెట్ కాసాగింది. తక్కువ ప్రాధాన్యం ఉన్న వాతావరణ సమాచారపు టాస్క్ ఒక తాళం పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం ఉన్న పని దాన్ని పక్కకు నెట్టింది. ఆ తాళం కోసం ఆగిన అత్యున్నత ప్రాధాన్యపు టాస్క్ గడువు దాటిపోయింది. తాళం పట్టుకున్నవాడికి, దానికోసం ఎదురుచూసేవాడి ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా అరువిచ్చే ఏర్పాటును భూమి నుంచి ఆన్ చేసి ఇంజనీర్లు సమస్యను తీర్చారు.

ఆరవ మెట్టు: మెమరీ అనే మాయ

ప్రతి ప్రాసెస్‌కూ తన చిరునామాలు తనవే అన్న భ్రమను కెర్నల్, హార్డ్‌వేర్ కలిసి కల్పిస్తాయి. 1962లో మాంచెస్టర్‌లోని అట్లాస్ కంప్యూటర్‌తో మొదలైన ఆలోచన ఇది. వర్చువల్ మెమరీని పేజీలుగా, భౌతిక మెమరీని అదే పరిమాణంలో ఫ్రేమ్‌లుగా విడగొట్టి, ఏ పేజీ ఏ ఫ్రేమ్‌లో ఉందో పేజీ టేబుల్‌లో రాసుకుంటారు. పేజీ 4096 బైట్లు అనుకుంటే 20000 అనే చిరునామా ఎక్కడిది? 4096తో భాగిస్తే భాగఫలం 4, శేషం 3616. 4వ నంబరు పేజీ 9వ నంబరు ఫ్రేమ్‌లో ఉందని టేబుల్ చెబితే, 9ని 4096తో గుణించి 3616 కలపాలి: 40480. శేషం మారదు, పేజీ సంఖ్యే మారుతుంది. పేజింగ్ సారమంతా ఈ ఒక్క లెక్కలో ఉంది.

పేజీ టేబుల్‌ను అంచెలుగా ఎందుకు కడతారన్నదీ లెక్కతోనే తేలుతుంది. 48 బిట్ల చిరునామాలో 12 బిట్లు పేజీ లోపలి స్థానానికి పోతే 36 మిగులుతాయి. రెండు టు ద పవర్ 36 గడులు, గడికి 8 బైట్లు అంటే ఒక్క ప్రాసెస్ టేబుల్‌కే 512 జీబీ కావాలి. అందుకే 36 బిట్లను తొమ్మిదేసి చొప్పున నాలుగు అంచెలుగా విడగొట్టి, వాడుతున్న చోట్లకే టేబుళ్లు కడతారు. తొమ్మిదే ఎందుకంటే 512 గడులు, గడికి 8 బైట్లు కలిపితే 4096, సరిగ్గా ఒక పేజీ.

ప్రతి చిరునామాకూ టేబుల్‌ను వెతకడం భారమని, ఇటీవలి అనువాదాలను టీఎల్‌బీ అనే చిన్న క్యాషెలో దాచుతారు. ఒకే అంచె టేబుల్ ఉందనుకుని, టీఎల్‌బీ చూడటానికి 10, మెమరీ చదవడానికి 100 నానోసెకన్లు పట్టి, 90 శాతం సార్లు టీఎల్‌బీలో దొరికితే, సగటు 0.9ని 110తో, 0.1ని 210తో గుణించి కూడితే వచ్చే 120 నానోసెకన్లు.

ఇక ప్రయోగం. మెమరీని అడిగే సీ ఫంక్షన్ మాలక్‌తో 1 జీబీ అడిగి, దాన్ని తాకకుండా ప్రోగ్రామ్‌ను నిద్రపుచ్చి, పీఎస్ జాబితా చూడండి. వర్చువల్ పరిమాణం చూపే వీఎస్‌జెడ్ గడి 1 జీబీ పెరిగి ఉంటుంది, నిజంగా వాడుతున్న మెమరీని చూపే ఆర్ఎస్ఎస్ గడి మాత్రం కదలదు. కెర్నల్ ఇచ్చింది మాట మాత్రమే. ఇప్పుడు ప్రతి 4096వ బైటులో ఒక విలువ రాస్తూ పొండి. ఒక్కో పేజీ దగ్గర ఒక పేజ్ ఫాల్ట్ (పేజీకి ఫ్రేమ్ లేదని హార్డ్‌వేర్ కెర్నల్‌ను పిలవడం) జరిగి, అప్పుడు మాత్రమే ఫ్రేమ్ కేటాయింపు జరిగి, ఆర్ఎస్ఎస్ పెరుగుతూ పోతుంది. పేజ్ ఫాల్ట్ అనగానే ఏదో తప్పు జరిగిందనుకునే భ్రమ దీంతో తొలగుతుంది.

ఫ్రేమ్‌లు నిండితే ఏ పేజీని తీసేయాలి? ముందు వచ్చినదాన్ని ముందు తీసేసే పద్ధతితో 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అనే వరుసను మూడు ఫ్రేమ్‌లతో గీస్తే 9 ఫాల్ట్‌లు, నాలుగు ఫ్రేమ్‌లతో గీస్తే 10 వస్తాయి. మెమరీ పెంచితే పరిస్థితి విషమించిన ఈ వింతకే బెలాడీ వైపరీత్యమని పేరు. చాలాకాలంగా తాకనిదాన్ని తీసేసే ఎల్ఆర్‌యూ పద్ధతిలో ఇది జరగదు, ఎందుకంటే మూడు ఫ్రేమ్‌లలో ఉండే పేజీలన్నీ నాలుగు ఫ్రేమ్‌లలోనూ తప్పక ఉంటాయి. రెండు గీతలూ స్వయంగా గీసి, ఏ అడుగులో దారులు విడిపోయాయో గుర్తించండి.

ఏడవ మెట్టు: ఫైలుకూ పేరుకూ ఉన్న సంబంధం

ఫైలు పేరు ఫైలులో ఉండదు. పరిమాణం, యజమాని, అనుమతులు, సమాచారం డిస్కులో ఎక్కడుందన్న వివరాలు ఐనోడ్‌లో ఉంటాయి. డైరెక్టరీ అంటే పేర్లను ఐనోడ్ సంఖ్యలతో జతచేసే పట్టిక. ఒక ఫైలుకు ఎల్ఎన్ కమాండ్‌తో మరో పేరు పెట్టి, ఎల్ఎస్‌ను ఐ ఆప్షన్‌తో నడిపితే రెండు పేర్ల పక్కనా ఒకే సంఖ్య కనిపిస్తుంది. మొదటి పేరును తొలగించినా రెండవ పేరుతో ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది.

చివరగా, పెద్ద ఫైలు ఒకదాన్ని ఏదైనా ప్రోగ్రామ్‌తో తెరిచి ఉంచి, మరో టెర్మినల్ నుంచి దాన్ని తొలగించండి. డైరెక్టరీలో పేరు మాయమవుతుంది, ఫైళ్ల పరిమాణాలను కూడే డీయూ కమాండ్ లెక్కలోనూ కనిపించదు, కాని డీఎఫ్ చూపే ఖాళీ స్థలం మాత్రం పెరగదు. సర్వర్లలో లాగ్ ఫైళ్లు తొలగించినా డిస్కు నిండినట్లే ఉందని నిర్వాహకులు తల పట్టుకునేది చాలాసార్లు ఇందుకే: పేరు పోయినా, తెరిచి ఉంచిన ప్రాసెస్ ఉన్నంతవరకు ఐనోడ్ బతికే ఉంటుంది. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ సంఖ్య కింద ఉన్న ఎఫ్‌డీ అనే డైరెక్టరీని తెరిస్తే, ఆ ఫైలు పాత పేరు పక్కన తొలగించబడినదన్న గుర్తుతో కనిపిస్తుంది. ప్రాసెస్‌ను ఆపకముందే అక్కడి నుంచి కాపీ చేసుకుంటే పొరపాటున తొలగించిన ఫైలు తిరిగి చేతికొస్తుంది.